కణితిని చూపిస్తుంది, మిగిలినదాన్ని చూపించడంలో తడబడుతుంది: మెదడు శస్త్రచికిత్సలో అల్ట్రాసౌండ్ యంత్రంపై సమీక్ష

మెదడు కణితుల ఆపరేషన్ థియేటర్ కోసం అల్ట్రాసౌండ్ యంత్రం కొనే ఆలోచన రాగానే అమ్మకందారులు తెచ్చి చూపించే బొమ్మలన్నీ దాదాపు ఒకే ఘట్టానివి. పుర్రె తెరిచి ఉంటుంది, మెదడు మీద ఇంకా కత్తి పడి ఉండదు, తెర మీద బూడిదరంగు మెదడు నడుమ కణితి తెల్లగా, అంచులతో సహా కనిపిస్తూ ఉంటుంది. ఆ బొమ్మల్లో మోసమేమీ లేదు, యంత్రం నిజంగానే అంత బాగా చూపిస్తుంది. కానీ శస్త్రవైద్యులకు ముచ్చెమటలు పట్టించే ఘట్టం అది కాదు. కణితిలో చాలాభాగం తీసేసిన తరువాత, ఎదురుగా ఉన్న గోడ మిగిలిపోయిన కణితా, ముట్టుకోకూడని మెదడా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడే అసలు పరీక్ష. అదే యంత్రం, మెదడు మీద ఆనించే అదే ప్రోబ్, అదే చెయ్యి. అయినా మొదటి ఘట్టంలో దీనికి వేసే మార్కులు రెండో ఘట్టంలో వేయలేము. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ తేడా గురించే.

ఇక్కడ సమీక్షిస్తున్నది ఏ ఒక్క కంపెనీ నమూనానో కాదు. శస్త్రచికిత్స మధ్యలో మెదడు మీద నేరుగా ఆనించి చూసే, ప్రతిధ్వనిని బూడిదరంగు బొమ్మగా మార్చే బి-మోడ్ అల్ట్రాసౌండ్ వ్యవస్థను, దానితోపాటు వచ్చే ప్రోబ్‌లను, శస్త్రచికిత్సలో దారి చూపే న్యూరో నావిగేషన్‌తో దానికుండే అనుసంధానాన్ని కలిపి ఒక్క పరికరంగానే చూస్తున్నాను. కంపెనీలు మారినా వీటి బలాలూ బలహీనతలూ ధ్వని తత్వం నుంచి వచ్చినవి కాబట్టి చాలావరకు ఒక్కటే.

ధ్వనికీ మెదడుకీ మధ్య అడ్డు పుర్రె. ఎముక అల్ట్రాసౌండ్‌ను చాలావరకు పీల్చుకుంటుంది, కొంత వెనక్కి కొడుతుంది, దాటి పోయినదాన్ని వంకర చేస్తుంది. పసిపిల్లలకు మాడు పూడకముందు ఆ మెత్తని సందులోంచి మెదడును చూడగలుగుతున్నాము గాని, పెద్దవాళ్లలో కణితిని వివరంగా చూడాలంటే ఎముక తొలగించక తప్పదు. ఈ సంగతి తెలిసి రావడానికి ఈ రంగం పెద్ద మూల్యమే చెల్లించింది. 1942లో ఆస్ట్రియా వైద్యుడు కార్ల్ డుసిక్ తలకు ఒకవైపు నుంచి మరోవైపుకు అల్ట్రాసౌండ్ పంపి మెదడులోని జఠరికల (ద్రవం నిండిన గదుల) బొమ్మ తీశానని ప్రకటించాడు. ఆ బొమ్మలో కనిపించినది ప్రధానంగా పుర్రె తయారు చేసిన నీడలేనని 1950లలో తేలింది. 1950లో అమెరికాలో ఫ్రెంచ్, వైల్డ్, నీల్ అనే ముగ్గురు మరణించినవారి మెదళ్ల మీద ధ్వని స్పందనలు పంపి, కణితి నుంచి వచ్చే ప్రతిధ్వని మామూలు మెదడు నుంచి వచ్చేదానికి భిన్నంగా ఉంటుందని చూపించారు. ఆపరేషన్ జరుగుతుండగానే కదిలే బూడిదరంగు బొమ్మను చూసి పని చేసే పద్ధతి మాత్రం 1980ల తొలినాళ్లలో, షికాగోలో డోర్మన్, రూబిన్ వంటివారి చేతుల్లో కుదురుకుంది. ఆ తరువాత నార్వేలోని ట్రాండ్‌హైమ్ బృందం త్రీడీ అల్ట్రాసౌండ్‌ను నావిగేషన్‌తో జోడించి, ఈ పరికరాన్ని ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి దగ్గర చేసింది.

ఇక మొదటి ఘట్టానికి వద్దాం. ఎముక తీసి, మెదడును కప్పే డ్యూరా పొరను ఇంకా కోయకముందే ప్రోబ్ ఆనించడం మంచి అలవాటు. స్టెరైల్ తొడుగు లోపల స్టెరైల్ జెల్ వేస్తారు, తొడుగు బయట మాత్రం జెల్ బదులు సెలైన్ పోస్తారు. తొడుగు కొసలో చిన్న గాలి బుడగ చిక్కుకున్నా బొమ్మలో పైనుంచి కిందిదాకా ఒక నల్లని చార పడుతుంది. వేలితో ఆ బుడగను పక్కకు నెట్టి, తొడుగును బిగుతుగా లాగి రబ్బరు వేయడం అనే చిన్న పనికి అర నిమిషం వెచ్చించని థియేటర్లలో యంత్రం బాగా లేదన్న ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. తరువాతి పని ఎడమ కుడి తేల్చుకోవడం. ప్రోబ్ ఒక అంచును తడి వేలితో తాకితే తెర మీద ఏ వైపు కదలిక కనిపిస్తుందో చూసుకుంటే చాలు. పక్కలు తారుమారైన బొమ్మను నమ్మి ముందుకు సాగడం కంటే ప్రమాదం మరొకటి ఉండదు గనుక, ప్రోబ్ మీది గుర్తును నమ్ముకున్నా ఈ పరీక్ష మానకూడదు.

మొదట కణితిని వెతకకూడదు, తెలిసిన గుర్తులను వెతకాలి. రెండు అర్ధగోళాల నడుమ ఫాల్క్స్ పొర తెల్లని గీతలా కనిపిస్తుంది. జఠరికలు నల్లగా, వాటిలో ద్రవాన్ని తయారుచేసే కోరాయిడ్ ప్లెక్సస్ తెల్లగా ఉంటాయి. మెదడు మడతల మధ్య సందులు తెల్లని వంకర గీతలుగా తెలుస్తాయి. ఇవి కుదిరాక కణితి దానంతటదే కళ్లముందుకు వస్తుంది. మెదడు కణితుల్లో అధికభాగం చుట్టూ ఉన్న మెదడు కంటే ఎక్కువ ధ్వనిని వెనక్కి పంపుతాయి కాబట్టి తెర మీద తెల్లబడతాయి. పక్క అవయవాల నుంచి పాకిన కణితులు, అంటే మెటాస్టాసిస్‌లు, గుండ్రంగా, పదునైన అంచుతో కనిపిస్తాయి. మెదడు పొరల నుంచి పుట్టే మెనింజియోమాలు ఒకే రీతిన తెల్లగా, డ్యూరాను అంటిపెట్టుకుని ఉంటాయి. మెదడులోని ఆధార కణాల నుంచి పుట్టే తీవ్రమైన గ్లయోమాల్లో అంచు తెల్లగా, చచ్చిపోయిన నడిభాగం నల్లగా గానీ మచ్చలమచ్చలుగా గానీ ఉంటుంది. తిత్తిలో ద్రవం ఉంటే పూర్తిగా నలుపు, దాని కింద అనవసరమైన మెరుపు. సున్నం పేరుకున్న చోట తెల్లని చుక్క, దాని వెనక నీడ. మొదటి ఘట్టంలో ఈ పరికరానికి పూర్తి మార్కులు వేయడానికి నాకు సంకోచం లేదు. తక్కువ తీవ్రత గల గ్లయోమాలు కంటికి, వేలికి ఆరోగ్యకరమైన మెదడులాగే అనిపించేవి కూడా చాలాసార్లు తెర మీద తేటగా విడిపోతాయి. ఆపరేషన్ సూక్ష్మదర్శినితో చూసినా పైనుంచి తెలియని తేడాను ధ్వని పట్టిస్తుంది. ఈ ఒక్క కారణానికే యంత్రాన్ని థియేటర్‌లో ఉంచవచ్చు.

దీనికి తోడుగా మరొక బలం ఉంది. ఆపరేషన్‌కు ముందు తీసిన ఎమ్మారై ఆధారంగా నడిచే న్యూరో నావిగేషన్, పుర్రె తెరవకముందు మిల్లీమీటర్ల లెక్కన దారి చూపిస్తుంది. డ్యూరా కోసి, మెదడు ద్రవం కారి, వాపు తగ్గించే మానిటాల్ ఇచ్చి, కణితి కొంత తీశాక మెదడు కుంగుతుంది, పక్కకు జరుగుతుంది. ఆ కదలిక కొన్నిసార్లు సెంటీమీటరు దాటుతుంది. నావిగేషన్ తెర మాత్రం పొద్దున తీసిన బొమ్మనే చూపిస్తూ ఉంటుంది. అల్ట్రాసౌండ్ ఆ క్షణంలో ఉన్న మెదడును చూపిస్తుంది గనుక, రెండింటినీ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టుకున్నప్పుడు ఎంత జరిగిందో కంటితోనే కొలవవచ్చు. నావిగేషన్‌తో అనుసంధానం లేని అల్ట్రాసౌండ్ కూడా పనికొస్తుంది గాని, అది వాలుగా చూపించే కోతలను ఎమ్మారైతో మనసులోనే సరిపోల్చుకోవడం కొత్తవారికి చాలా కష్టం. రేడియాలజీలో అలవాటైన నిలువు, అడ్డం కోతలు ఇక్కడ దొరకవు. పుర్రెలో తెరిచిన కిటికీ ఎటు ఉంటే బొమ్మ అటే వాలుతుంది. రెండింటిలో ఒకటే కొనగలిగిన పరిస్థితి ఉంటే, కొంచెం పాత యంత్రమైనా సరే, అనుసంధానం ఉన్నదాన్నే తీసుకోమని చెబుతాను.

ఇప్పుడు రెండో ఘట్టం. కణితి తీసిన చోట గుంత మిగులుతుంది. గాలిలోంచి అల్ట్రాసౌండ్ సాగదు కాబట్టి ఆ గుంతను సెలైన్‌తో నింపి, దాని మీద ప్రోబ్ ఆనించి అడుగును, గోడలను చూస్తారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. మెత్తని కణజాలంలో ధ్వని ప్రతి సెంటీమీటరుకూ, ప్రతి మెగాహెర్ట్జ్‌కూ దాదాపు 0.5 డెసిబెల్ చొప్పున బలహీనపడుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. యంత్రం దాన్ని ముందే ఊహించి, లోతు పెరిగేకొద్దీ ప్రతిధ్వనిని పెంచి చూపిస్తుంది. సెలైన్‌లో మాత్రం ధ్వని దాదాపు ఏమీ తగ్గదు. 10 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌తో 3 సెంటీమీటర్ల లోతున్న గుంతను చూస్తున్నామనుకుంటే, పోవడానికి 15, రావడానికి 15, మొత్తం 30 డెసిబెల్‌ల మేరకు యంత్రం అనవసరంగా పెంచేస్తుంది. తీవ్రతలో అది వెయ్యి రెట్లు. ఫలితంగా గుంత అడుగున ఆరోగ్యకరమైన మెదడు సైతం తెల్లని పట్టీలా మెరుస్తుంది. అదే రంగు, అదే చోటు, మిగిలిపోయిన కణితి కూడా అచ్చం అలాగే కనిపించాలి. నిజమైన మిగులును ఈ మెరుపు కప్పేయవచ్చు, లేదా మెరుపునే మిగులుగా భ్రమించి ముట్టుకోకూడని చోట కత్తి పెట్టే ప్రమాదం రావచ్చు. రెండో తప్పు రోగికి మాటనో, చేతి కదలికనో దూరం చేయగలదు కాబట్టి నాకు దాని భయమే ఎక్కువ.

మెరుపు ఒక్కటే శత్రువు కాదు. గోడ మీద పలుచగా పేరుకున్న రక్తం తెల్లగా కనిపిస్తుంది. రక్తం ఆపడానికి వాడే సర్జిసెల్ ముక్క, మరచిపోయిన దూది పట్టీ కూడా తెల్లగానే కనిపిస్తాయి. కణితి చుట్టూ ఉండే వాపు, అంటే ఎడీమా, మామూలు మెదడు కంటే కొంచెం తెల్లబడి ఉంటుంది. అంతకుముందు ఆపరేషన్‌గానీ రేడియేషన్‌గానీ జరిగిన మెదడులో మచ్చకట్టిన కణజాలం తెల్లబడి, బొమ్మ మొత్తాన్ని మసకబారుస్తుంది. తిరగబెట్టిన కణితుల విషయంలో ఈ పరికరానికి మొదటి ఘట్టంలో కూడా నేను పూర్తి మార్కులు వేయను. వీటన్నిటికీ మించి, గ్లయోమాకు నిజంగా అంచు అనేదే ఉండదు. ఏ బొమ్మలోనూ కనిపించని కణాలు ఆరోగ్యకరంగా కనిపించే మెదడులోకి పాకి ఉంటాయి. కాబట్టి కణితినీ ఆరోగ్యకరమైన కణజాలాన్నీ వేరు చేస్తుందని కంపెనీ కరపత్రం రాసినప్పుడు, అది వేరు చేసేది కణాలు దట్టంగా ఉన్న చోటునూ పలుచబడిన చోటునూ అని చదువుకోవాలి.

ఈ లోపాన్ని తగ్గించే మార్గాలు ఉన్నాయి, వాటిని వాడేవారికీ వాడనివారికీ మధ్య యంత్రం పనితీరులో ఎంతో తేడా కనిపిస్తుంది. తలను బిగించేటప్పుడే గుంత నోరు పైకి ఉండేలా చూసుకుంటే సెలైన్ కారిపోదు, బుడగలు పైకి తేలిపోతాయి. సెలైన్‌ను సిరంజితో గోడ వెంట మెల్లగా పోయాలి, ఎత్తునుంచి పోస్తే బుడగలు పుడతాయి. చూసే ముందు పట్టీలన్నీ తీసేయాలి. గుంత మీంచి కాకుండా, పక్కన కోయని మెదడు మీద ప్రోబ్ పెట్టి ఏటవాలుగా గోడను చూస్తే ధ్వని దారిలో సెలైన్ ఉండదు, మెరుపు రాదు. చిన్న ప్రోబ్ ఉంటే గుంతలోకి దించి గోడకు దగ్గరగా ఆనించవచ్చు. అన్నిటికంటే తేలికైనది మరొకటుంది. చివర్లో ఒక్కసారే చూడకుండా, తీస్తున్నంతసేపూ మధ్యమధ్య చూస్తూ ఉంటే, తెల్లని పట్టీ ఎప్పుడు పుట్టింది, కణితి తెలుపు ఎక్కడ ఆగింది అన్నది జ్ఞాపకంలో ఉంటుంది. ట్రాండ్‌హైమ్ బృందం ఇంకా ముందుకు వెళ్లి, మెదడు కణజాలంలాగే ధ్వనిని బలహీనపరిచే ప్రత్యేక ద్రవాన్ని తయారు చేసి, సెలైన్ బదులు దాన్ని రోగుల్లో పరీక్షించింది. యంత్రానికి కొత్త హంగులు చేర్చడం కంటే ఇలాంటి ద్రవం అన్ని థియేటర్లకూ అందుబాటులోకి రావడం వల్ల ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం.

ప్రోబ్‌ల ఎంపికలో కంపెనీ ఇచ్చే ప్యాకేజీని అలాగే ఒప్పుకోకూడదు. తరంగదైర్ఘ్యం 10 మెగాహెర్ట్జ్ వద్ద 0.15 మిల్లీమీటరు, 5 మెగాహెర్ట్జ్ వద్ద 0.3 మిల్లీమీటరు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ వివరం పెరుగుతుంది, చూడగలిగే లోతు తగ్గుతుంది. లోతైన కణితిని వెతకడానికి తక్కువ పౌనఃపున్యపు వంపు ప్రోబ్, పైపైన ఉన్నదాని అంచులు చూడటానికి ఎక్కువ పౌనఃపున్యపు లీనియర్ (చదునైన ముఖం గల) ప్రోబ్, గుంతలోకి దిగడానికి వేలంత సన్నని ప్రోబ్, ఇలా మూడు ఉంటే మంచిది. ఒక్కదానితో సరిపెట్టుకోవలసి వస్తే వంపు ప్రోబ్‌నే ఎంచుకోవాలి. ఎంపిక చేసే ముందు దాని ముఖం కొలత చూసుకోవడం మరవకూడదు. కడుపు స్కానింగ్‌కు తయారైన పెద్ద ప్రోబ్ చిన్న ఎముక కిటికీలో పట్టదు, దాన్ని ఆనించడానికి ఎముకను మరింత కోయవలసి వస్తుంది.

అదే థియేటర్‌లో కణితిని పొడిచేసి పీల్చే అల్ట్రాసోనిక్ ఆస్పిరేటర్ కూడా ఉంటుంది. అది పనిచేసేది 23 లేదా 36 కిలోహెర్ట్జ్ వంటి పౌనఃపున్యాల వద్ద, దానికీ బొమ్మలు తీసే ఈ యంత్రానికీ పేరులో తప్ప పోలిక లేదు. రోగి బంధువులు రెండింటినీ ఒకటే అనుకుని అడిగే ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పడం కూడా ఈ పనిలో భాగమే.

పోటీదారుల సంగతి. ఆపరేషన్ మధ్యలో ఎమ్మారై తీసే ఏర్పాటు బొమ్మ నాణ్యతలో దీనికంటే మేలైనది. 2011లో వెలువడిన ఒక రాండమైజ్డ్ (రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విడదీసిన) పరీక్షలో, కాంట్రాస్ట్ మందుతో ఎమ్మారైలో మెరిసే కణితి పూర్తిగా తీయగలిగినవారు ఎమ్మారై వాడిన వర్గంలో 96 శాతం, వాడని వర్గంలో 68 శాతం. కానీ దానికి థియేటర్‌నే మార్చి కట్టాలి, అయస్కాంతానికి లొంగని పరికరాలు కొనాలి, ఒక్కసారి చూడటానికి శస్త్రచికిత్సను చాలాసేపు ఆపాలి. 5-ఎఎల్ఎ అనే మందు తాగించి నీలికాంతిలో చూస్తే తీవ్రమైన గ్లయోమా గులాబీ రంగులో వెలుగుతుంది. 2006 నాటి పరీక్షలో దీనివల్ల పూర్తి తొలగింపు 36 శాతం నుంచి 65 శాతానికి పెరిగింది. అయితే ఆ వెలుగు పైపొరలోనే కనిపిస్తుంది, గోడ వెనక ఏముందో చెప్పదు, తక్కువ తీవ్రత గల గ్లయోమాల్లో అధికభాగం వెలగవు. లోతు చూపించే అల్ట్రాసౌండ్, ఉపరితలం చూపించే 5-ఎఎల్ఎ ఒకదానికొకటి తోడు. ఒకదాని బదులు మరొకటి కొనడం పొరపాటు. అల్ట్రాసౌండ్‌కు సొంత రుజువులు మాత్రం ఇంకా పలుచగానే ఉన్నాయి. 2021లో గ్లయోమాల్లో అతి తీవ్రమైన గ్లయోబ్లాస్టోమా ఉన్న రోగులు 47 మందిని విశ్లేషించిన ఒక రాండమైజ్డ్ పరీక్షలో పూర్తి తొలగింపు అల్ట్రాసౌండ్ వర్గంలో 35 శాతం, మామూలు వర్గంలో 8 శాతం, రోగులకు అదనపు హాని కనిపించలేదు. దిశ ఆశాజనకంగా ఉన్నా సంఖ్య చిన్నది. 2018 నాటి కాక్రేన్ సమీక్ష, అంటే వెలువడిన వైద్య పరీక్షలను కలిపి తూచే సమీక్ష, ఈ తరహా పరికరాలన్నిటి మీదా ఉన్న ఆధారాల నిశ్చితత్వం తక్కువేనని తేల్చింది. కరపత్రంలో రాసిన శాతాలను ఈ వెలుగులో చదువుకోవాలి.

అదనపు హంగుల గురించి క్లుప్తంగా చెబుతాను. రక్త ప్రవాహాన్ని పట్టే డాప్లర్ తప్పనిసరి, కణితి పక్కన ఉన్న రక్తనాళాలను కోసే ముందే చూపిస్తుంది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ సూక్ష్మబుడగలను సిరలోకి ఎక్కించి చూసే కాంట్రాస్ట్ పద్ధతిలో, ఎర్ర రక్తకణం కంటే చిన్నవైన ఆ బుడగలు రక్తనాళాలు దాటి బయటకు రావు కాబట్టి, రక్తప్రసరణ ఎక్కువున్న తీవ్రమైన కణితులు కొన్ని సెకన్లలోనే వెలుగుతాయి. మిలాన్‌లోని బృందం దీన్ని బాగా వాడుకలోకి తెచ్చింది. మిగులును గుర్తించడంలో మామూలు బి-మోడ్ కంటే దీని మీద నాకు ఎక్కువ ఆశ ఉంది, ఎందుకంటే సెలైన్ వల్ల వచ్చే మెరుపులో ఈ సూక్ష్మబుడగలు ఉండవు. కణజాలం గట్టిదనాన్ని కొలిచే ఎలాస్టోగ్రఫీ ఆసక్తికరమే గాని, దాని మీద ఆధారపడి కత్తి కదిలించే దశ ఇంకా రాలేదు. కృత్రిమ మేధతో కణితి అంచును గీసి చూపించే సాఫ్ట్‌వేర్లకు ప్రస్తుతానికి డబ్బు పెట్టవద్దని నా సలహా. సెలైన్ మెరుపుకూ కణితికీ తేడా తెలియని బొమ్మల మీద నేర్చుకున్న యంత్రం ఆ తికమకనే నమ్మకంగా గీత గీసి చూపిస్తుంది.

కొనదలచినవారు ప్రదర్శన అడిగినప్పుడు మొదటి ఘట్టంతో తృప్తిపడకుండా, కణితి తీసిన తరువాత గుంతను చూపించమని పట్టుబట్టాలి. చివరి స్కాన్‌ను వీడియోగా, నావిగేషన్ గుర్తులతో సహా భద్రపరచగలదా అని అడగాలి. ఆపరేషన్ తరువాత 72 గంటల లోపు తీసే ఎమ్మారైతో, ప్రోబ్ పట్టిన చెయ్యి ఎవరిదో వారే, ప్రతి రోగి విషయంలోనూ ఆ చివరి స్కాన్‌ను పోల్చి చూసుకోవాలి. ఏ తెలుపు మిగులో, ఏ తెలుపు మెరుపో కంటికి అలవాటయ్యేది అక్కడే. అలా పోల్చుకునే ఏర్పాటు లేని విభాగం ఈ యంత్రాన్ని కణితి వెతకడానికి కొనవచ్చు, కణితి అయిపోయిందని నిర్ధారించడానికి మాత్రం వాడకూడదు.